ఇష్టపూర్వకంగా

కాగితం మీద పద్నాలుగు గళ్ళున్నాయి. పదమూడు నిండాయి. పేరు మాణిక్యాంబ, వయసు యాభై నాలుగు, పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు, ఫిట్స్ లేవు, నీళ్ళు ఒకరు పోయాలి, అన్నం ఒకరు కలిపి పెట్టాలి. ఇలా ఒక్కొక్కటీ రాసుకుంటూ వచ్చి పద్నాలుగో గడి దగ్గర చంద్రకళ ఆగిపోయింది. ‘ఈ వ్యక్తి ఇష్టపూర్వకంగానే ఆశ్రమంలో చేరుతున్నారు’ అని అచ్చు వేసి, పక్కన అవును, కాదు అని రెండు చిన్న డబ్బాలు పెట్టారు. ఈ సంగతి ఆ వ్యక్తిని మేమే స్వయంగా అడిగి తెలుసుకుంటాం అని కింద సన్నక్షరాల్లో వేశారు.

ఆమె కాగితం మడిచి గూట్లో పెట్టి, చీర మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. తెనాలి గంగానమ్మపేటలో ఆ రెండు గదుల వాటాలో కూర్చుని తొమ్మిదేళ్ళుగా చీరలకు ఫాల్ కుడుతోంది. భర్త ప్రకాశరావు పోయాక పట్టుకున్న పని అది. ఎదురుగా గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని మాణిక్యం కూర్చుంది. మాణిక్యం ఆమె ఆడపడుచు. నిండైన మనిషి. జుట్టు సగం నెరిసింది. ముఖం మాత్రం నాలుగేళ్ళ పిల్లది.

"మాణిక్యం, కాఫీ తాగుతావా, పాలు తాగుతావా?"

"పాలు తాగుతావా," అంది మాణిక్యం.

"పాలు తాగుతావా, కాఫీ తాగుతావా?"

"కాఫీ తాగుతావా."

చంద్రకళ సూది పక్కన పెట్టి మోకాలు రాసుకుంది. ఏది చివర అడిగితే అదే మాణిక్యం జవాబు. గోడకు కొట్టిన బంతిలా చివరి మాట తిరిగి వచ్చేస్తుంది. దానికి ఏం పెట్టదలచుకుంటే దాన్ని చివర్లో అనడం చంద్రకళకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. మనం నిర్ణయించింది మనమే అడిగి, మనమే జవాబు చెప్పించుకుని, అడిగే పెట్టాం కదా అని తృప్తి పడటం. ఇన్నేళ్ళూ జరిగిందదే.

ఈ సంగతి ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఇరవై రెండేళ్ళ కిందట రేపల్లెలో అత్తగారు పోయారు. పదమూడో రోజు భోజనాలయ్యాక బంధువులందరూ చాపల మీద చేరారు. మాణిక్యం ఇక ఎవరి దగ్గర ఉండాలన్నది ప్రశ్న. అన్నలిద్దరున్నారు. పెద్దవాడు ప్రకాశరావు తెనాలిలో, చిన్నవాడు విజయసారథి రేపల్లెలోనే. ఎవరికి వాళ్ళు తల వంచుకుని చాపలో పుల్లలు లాగుతుంటే, పెదనాన్న వరసైన వెంకట్రామయ్య గారు గొంతు సవరించుకుని, "దాని ఇష్టమేంటో దాన్నే అడగండర్రా. అది మాత్రం మనిషి కాదా?" అన్నారు. ఎంత న్యాయమైన మాట అని అందరూ తలలూపారు. సారథి వెళ్ళి చెల్లెలి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చిన్నన్నయ్య దగ్గర ఉంటావా అమ్మా, పెద్దన్నయ్య దగ్గర ఉంటావా?"

"పెద్దన్నయ్య దగ్గర ఉంటావా."

"అదిగో! నోరు తెరిచి చెప్పింది," అన్నాడు సారథి, కండువాతో కళ్ళొత్తుకుంటూ.

ఆ రోజు చంద్రకళ కూడా ఏడ్చింది. దుఃఖంతో కాదు, గర్వంతో. ఇంతమందిలో ఆ పిచ్చితల్లి మమ్మల్ని కోరుకుంది కదా అని. నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున, పెనం మీద అట్టు కాలుతుండగా, కారప్పొడా పచ్చడా అని ఒకసారీ, పచ్చడా కారప్పొడా అని ఒకసారీ అడిగి, అట్లకాడ చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అట్టు మాడింది. సాయంత్రం భర్తతో చెప్పింది. "ఇప్పుడు తెలిసి మాత్రం ఏం చేస్తాం? ఎవరితోనూ అనకు," అన్నాడు. ఆమె అనలేదు. ఆయనా పోయాడు. మాణిక్యం ఉంది.

ఇప్పుడు ఆమెకు అరవై మూడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించుకోకపోతే ఇంకో ఏడాదికి మంచం దిగలేవని గుంటూరు డాక్టరు చెప్పాడు. చేయించుకుంటే రెండు నెలలు వంగకూడదు, బరువెత్తకూడదు. మాణిక్యానికి నీళ్ళు పోయాలంటే వంగాలి. ఆమె బాత్రూంలో జారితే ఎత్తాలి. బాపట్లలో ఇలాంటివాళ్ళ కోసం ఒక ఆశ్రమం ఉందనీ, ఒకసారి చేర్చుకుంటే జన్మంతా వాళ్ళే చూస్తారనీ చెప్పి, ఆ కాగితం తెప్పించిచ్చినవాడు సారథే.

బుధవారం పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్లో దిగి, చక్కెరకేళీ గెల నుంచి కోయించుకున్న రెండు అత్తాలు సంచిలో వేసుకుని వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎరువుల కొట్టు. నవ్వు ముఖం. పద్నాలుగో గడి చూసి నవ్వాడు.

"ఇదా వదినా నీ బెంగ? ఇంట్లో ఉంటావా, బాపట్లలో ఉంటావా అని అడిగితే సరి. ఆ వరసలో అడగాలంతే."

చంద్రకళ తలెత్తింది. "వరస సంగతి నీకెప్పట్నించి తెలుసు?"

"చిన్నప్పట్నించీ తెలుసుగా. జామకాయ కావాలా, జామాకు కావాలా అని అడిగి ఆకు చేతిలో పెట్టేవాణ్ణి. అమ్మ చీపురు పుచ్చుకుని ఊరంతా తరిమేది." అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపాడు. పండు ఒకటి ఒలిచి చెల్లెలి చేతిలో పెట్టి, తనూ ఒకటి ఒలుచుకున్నాడు.

చంద్రకళ ఆ పదమూడో రోజు సంగతి అడగలేదు. అడగడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి.

"నిజంగా దాని ఇష్టమేంటో మనం ఎప్పుడన్నా చూశామా సారథీ?"

"ఆలోచనే లేనిదానికి ఇష్టమేంటి వదినా? నాకిది మంచి, ఇది చెడు, ఇలా చేస్తే రేపు ఇలా అవుతుంది అని తెలియాలి గదా ఇష్టపడటానికి. దానికి రేపంటే తెలుసా?"

"బీరకాయ కూర పెడితే కంచం తోసేస్తుంది."

"తవుడు కలపకపోతే గేదె కూడా కుడితి ముట్టదు. దాన్నీ ఇష్టమనే అంటావా?"

"అనకపోతే మానెయ్. కానీ గేదెని అమ్మేటప్పుడు, ఇది ఇష్టపడే పోతోందని దాని నోటితో చెప్పించరు గదా."

సారథికి పండు ముక్క గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూ నవ్వాడు. "నువ్వు ప్లీడరువి కావలసింది వదినా."

"అది సరేగానీ విను. మొన్న ఒక పట్టుచీర వచ్చింది. తామరపువ్వు రంగు. లైటు వేసుకుని చూసి ఒక ఫాల్ తీసి అంచుకి పెట్టాను. ఇది లాగేసింది. కట్టలోంచి ఇంకోటి తీసి పెట్టింది. నేను మళ్ళీ నాది పెట్టాను. మళ్ళీ లాగేసింది. నెత్తిమీద ఒకటి ఇచ్చాను. అయినా వదల్లేదు. తెల్లారి ఎండలో చూస్తే దానిదే సరైన రంగు. ఎందుకూ అంటే చెప్పలేదు. కానీ ఏది కావాలో తెలిసింది గదా?"

"కన్ను వేరు, బుద్ధి వేరు. ఆదివారం ప్రయాణం. ఈ నాలుగు రోజులూ నీళ్ళు పోసేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు ఆ ప్రశ్న అడుగుతూ ఉండు. అలవాటైతే అక్కడ తడబడదు."

అతను వెళ్ళాక, అతను చెప్పినట్టే చేసింది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ చేసింది. చెంబుతో వీపు మీద నీళ్ళు పోస్తూ, ఇంట్లో ఉంటావా, బాపట్లలో ఉంటావా అని అడిగింది. బాపట్లలో ఉంటావా అంది మాణిక్యం, కళ్ళు గట్టిగా మూసుకుని. ఆ మాట విన్నప్పుడల్లా మోకాళ్ళ మీద ఎవరో కాపడం పెట్టినట్టుండేది. నిమిషం తర్వాత తన మీద తనకే రోత పుట్టేది. అయినా మర్నాడు మళ్ళీ అడిగింది. అలిసిపోయిన మనిషికి హాయి ఎటునుంచి వచ్చినా వద్దనబుద్ధి కాదు.

ఆదివారం ముగ్గురూ బాపట్లలో దిగారు. ఆటో సూర్యలంక రోడ్డు మీద కొంతదూరం పోయి, ఒక పాత రైసు మిల్లు పక్కన పెంకుటింటి ముందు ఆగింది. లోపల వరండా పొడుగునా ఆడవాళ్ళు కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. ఒకామె గింజలు తీసి మళ్ళీ పండులోనే కలిపేస్తోంది. పక్కామె ఏమీ అనకుండా వాటిని మళ్ళీ ఏరుతోంది.

ఆశ్రమం చూసే అమ్మాయి పేరు దీప్తి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. జుట్టు ముడి వేసుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. కాగితం చూసి, పద్నాలుగో గడి దగ్గర పెన్ను ఆపింది.

"ఇంట్లో ఉంటావా, ఇక్కడ ఉంటావా అని అడగండి మేడమ్. అలా అడిగితే దానికి తెలుస్తుంది," అన్నాడు సారథి.

దీప్తి కుర్చీ దిగి మాణిక్యానికి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మాణిక్యాంబ గారూ, మీరు ఇంట్లో ఉంటారా, ఇక్కడ ఉంటారా?"

పుట్టినప్పటినుంచీ ఆమెను గారూ అన్నవాళ్ళు లేరు. మాణిక్యం దీప్తి జుట్టు వైపు చూసింది.

"ఇక్కడ ఉంటారా," అంది.

"అదిగో! నోరు తెరిచి చెప్పింది," అన్నాడు సారథి.

దీప్తి పెన్ను ఎత్తింది. ఇంకొక్క గీత. ఆ గీత పడితే చంద్రకళ సాయంత్రం బండికి ఒక్కత్తే తెనాలి వెళ్ళిపోవచ్చు. రేపటినుంచి చెంబు పట్టుకుని వంగనక్కర్లేదు, ఇక ఎప్పటికీ. దాని ఇష్టంతోనే చేరిందమ్మా అని నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇరవై రెండేళ్ళు సారథి చెప్పుకున్నట్టే.

"ఒక్కసారి తిరగేసి అడుగమ్మా," అంది చంద్రకళ.

"వదినా!"

"ఇక్కడ ఉంటారా, ఇంట్లో ఉంటారా అని అడుగు."

దీప్తి ఇద్దరి ముఖాలూ చూసి, అడిగింది.

"ఇంట్లో ఉంటారా," అంది మాణిక్యం.

దీప్తి పెన్నుకు మూత పెట్టింది. "ఎన్నాళ్ళుగా ఇలా?"

"మాటలు వచ్చినప్పట్నించీ."

"మరి ముందే చెప్పాలి గదమ్మా."

"చెబితే చేర్చుకోరని."

సారథి తల పట్టుకున్నాడు. "నీ కాళ్ళ కోసం నేను నాలుగు ఊళ్ళు తిరిగాను వదినా. నోటిదాకా వచ్చిన ముద్ద నువ్వే కింద పడేశావు."

"నోరు తెరిచి చెప్పింది అని ఆ రోజూ అన్నావు నువ్వు," అంది చంద్రకళ. గొంతు పెరగలేదు. "అత్తయ్య పోయిన పదమూడో రోజు. వరస తెలిసే అడిగావా?"

వరండాలో చింతగింజలు డబ్బాలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తెలిసి అడగలేదు. ప్రమాణం చేయమన్నా చేస్తాను. నోటికి ముందు నా పేరే వచ్చింది, అడిగేశాను. అది జవాబు చెప్పాక గుర్తొచ్చింది, చివరిదే అంటుందని." చేతులు చూసుకున్నాడు. "మళ్ళీ తిరగేసి అడగొచ్చు. అడగలేదు."

చంద్రకళకు కోపం వస్తుందేమో అని తనే ఎదురుచూసింది. రాలేదు. తనూ అడగలేదుగా, ఆ మాడిన అట్టు రోజు తర్వాత.

దీప్తి లేచింది. "ఇక్కడ ముప్ఫై ఒక్కమంది ఉన్నారమ్మా. సగంమందికి మాటే లేదు. వాళ్ళనీ అడుగుతాం. నోటితో కాదు. ఒక పూట ఉండండి, భోజనం చేయండి. చూద్దాం."

"ఏం చూస్తారు మేడమ్?" అన్నాడు సారథి విసుగ్గా. "అది చింతపండు దగ్గర కూర్చుంటే ఇక్కడ ఉంటానన్నట్టా? వీధిలోకి చూస్తే పోతానన్నట్టా? ఏదైనా అలవాటే గదా."

"మీరు రేపల్లెలోనే ఎందుకుంటున్నారు సార్?"

"పుట్టిన ఊరు. ఇల్లుంది. కొట్టుంది."

"బాగా ఆలోచించి ఉంటున్నారా, అలవాటై ఉంటున్నారా?"

సారథి చొక్కా జేబులో కళ్ళజోడు వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం వరండాలోనే పంక్తి వేశారు. పప్పు, దొండకాయ వేపుడు, చారు. మాణిక్యాన్ని పంక్తిలో కూర్చోబెట్టి, చంద్రకళ పక్కన స్టూలు వేసుకుంది. పప్పు వడ్డించగానే అలవాటుగా ముందుకు వంగి కంచంలో చెయ్యి పెట్టింది. మాణిక్యం కంచం అవతలికి లాక్కుంది.

"ఏంటే?" అంది చంద్రకళ. మళ్ళీ చెయ్యి చాచింది. మాణిక్యం మోచేత్తో ఆ చేతిని తోసేసి, వంకరగా, మెతుకులు నేలపాలు చేస్తూ, పప్పూ అన్నం తనే కలుపుకుంది. ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. పక్కనున్నామె కంచంలోకి చూసి, ఆవిడ వేపుడు నంజుకుంటుంటే తనూ నంజుకుంది.

చంద్రకళ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు. రోజుకు రెండు పూటలు. కాగితం మీద కూడా రాసింది, అన్నం ఒకరు కలిపి పెట్టాలని. కలుపుకోవడం దీనికి రాదని ఎవరు చెప్పారు తనకి? అత్తగారు కలిపి పెట్టేవారు, తనూ పెట్టింది. అంతే. అడగలేదు. నువ్వు కలుపుకుంటావా, నేను కలపనా అని అడిగి ఉంటే, నేను కలపనా అని ఉండేది. అడిగినా ఒకటే, అడగకపోయినా ఒకటే. కంచం ముందు పెట్టి చేతులు కట్టుకుని ఒక్క పూట కూర్చోవలసింది. ఆ ఒక్క పూటా ఆమెకు తీరలేదు. పని తొందరగా తెమిలిపోవాలి ఎప్పుడూ.

"ఇక్కడ నచ్చిందన్నమాట," అన్నాడు సారథి ఆశగా.

"అందరూ కలుపుకుంటున్నారు గనక చూసి కలుపుకున్నారు," అంది దీప్తి చారు పోస్తూ. "మరీ ఎక్కువ అర్థాలు తీయకండి సార్. మాకూ ఆశ పుట్టి చాలాసార్లు పొరపాటు పడ్డాం."

భోజనాలయ్యాక మాణిక్యం కాసేపు గోడకు ఆనుకుని కునికింది. లేచి చింతపండు దగ్గరికి పోయింది. గింజ ఒకటి నోట్లో వేసుకుని ఉమ్మేసింది. మూడు గంటలకు చంద్రకళ చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. ఏమీ అనలేదు. మాణిక్యం వైపు చూడను కూడా లేదు. దీప్తి అలా చేయమని చెప్పింది. వరండా మెట్లు రెండూ కమ్మీ పట్టుకుని దిగింది.

వెనక చప్పుడైంది. మాణిక్యం లేచి, మూలనున్న తన బట్టల సంచి చంకలో పెట్టుకుని, ఎడంకాలి చెప్పు కుడికాలికి వేసుకుని, చంద్రకళను దాటి గబగబా గేటు దగ్గరికి పోయింది. గేటుకు వీపు ఆనించి, సంచి ఒళ్ళో పెట్టుకుని చతికిలబడింది. దీప్తి వెళ్ళి ఒక లడ్డు చూపించి లోపలికి రమ్మంది. మాణిక్యం లడ్డు తీసుకుంది, తింది, లేవలేదు. ఒకామె వచ్చి చెయ్యి పట్టి లాగింది. మాణిక్యం గేటు ఊచ పట్టుకుంది.

"చూశారుగా," అంది దీప్తి. గెలిచినట్టు అనలేదు. "చెప్పేశారు."

సారథి గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే ఏమంటారు? మళ్ళీ తెనాలి తీసుకుపొమ్మంటారా? ఆవిడ కాళ్ళు చూడండి మేడమ్!"

"నేనేమీ అనడం లేదు సార్. ఆమె ఏమందో అది మాత్రం అబద్ధం రాయను."

చంద్రకళ మెట్టు మీద కూర్చుండిపోయింది. నిలబడే ఓపిక లేదు. అక్కణ్ణించే అంది, "సారథీ, ఇట్రా. నిన్నొకటి అడుగుతాను."

అతను వచ్చాడు.

"ఇన్నాళ్ళూ దాన్నే అడిగాం, తెలివిలేనిదాన్ని. నీకు తెలివుంది గదా. నిన్నడుగుతున్నాను. ఆపరేషనై నేను లేచి తిరిగేదాకా రెండు నెలలు, దాన్ని రేపల్లెలో ఉంచుకుంటావా, ఉంచుకోవా?"

"అదేంటి వదినా, నాకు మాత్రం చెల్లెలు కాదా? కానీ ఇల్లు చూశావుగా, మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చాం. మీ తోడికోడలికి బీపీ. కొట్లో సీజను. పైగా దానికి కొత్తచోటు—"

"కారణాలు కాదు. ఉంచుకోవడం నీకిష్టమా కాదా?"

"ఇష్టానికేముంది వదినా, పరిస్థితులు కూడా చూడాలి గదా. రేపు నవంబరు తర్వాతైతే—"

చంద్రకళ వింటూ కూర్చుంది. ఒక్కో కారణం నిజమే. కాదనడానికి లేదు. తెలివి ఉన్నందుకు అవన్నీ అతనికి దొరికాయి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వెనక నిలబడటానికి. అవతల గేటు దగ్గర కూర్చున్నదానికి ఒక్క కారణమూ దొరకదు. ఊచ పట్టుకుంది, అంతే.

"సర్లే," అంది. "అమ్మా దీప్తీ, ఆ కాగితం ఇలా ఇవ్వు."

"కాదు అన్న డబ్బాలో గీత పడితే శాశ్వతంగా చేర్చుకోలేనమ్మా. రెండు నెలలు మాత్రం ఉంచుకోగలను. ఎందుకు వదులుతున్నారో రాయాలి. గడువుకి మీరే వచ్చి తీసుకెళ్ళాలి."

చంద్రకళ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని పద్నాలుగో గడిలో కాదు అన్న డబ్బాలో గీత పెట్టింది. దాని కింద రాసింది. మాణిక్యాంబ ఇక్కడ ఉండటానికి ఇష్టపడలేదు. నా ఒంట్లో శక్తి లేక నేనే నిర్ణయించుకుని వదిలి వెళ్తున్నాను. సంతకం చేసింది. సారథి భుజం మీదుగా చదివి, "ఇలా ఎందుకు రాశావు వదినా, మనకేం మర్యాద?" అన్నాడు.

"జరిగింది రాశాను."

తర్వాత గేటు దగ్గరికి నడిచింది. మాణిక్యం పక్కన ఇటుకల దిమ్మ మీద కష్టంగా కూర్చుంది. ఈసారి ప్రశ్న వేయలేదు.

"నేను పోతున్నాను మాణిక్యం. నిన్ను తీసుకుపోవడం లేదు. నువ్వు రానన్నావని కాదు, నాకు చేతకాక. కాళ్ళు బాగయ్యాక వస్తాను."

"వస్తాను," అంది మాణిక్యం. ఊచ వదిలి చంద్రకళ మణికట్టు పట్టుకుంది. రెండు చేతుల్తో పట్టుకుంది.

చంద్రకళ విడిపించుకోలేదు, బుజ్జగించలేదు. దీప్తి వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. బలంగానే విప్పాల్సి వచ్చింది. మాణిక్యం నోరు తెరిచి అరిచింది. అందులో మాటేమీ లేదు. చంద్రకళ ముఖం తిప్పుకుందామనుకుంది, తిప్పుకోలేదు. గేటు బయట ఆటో ఎక్కేదాకా ఆ అరుపు విన్నది, ఆటో కదిలాక కూడా కొంతదూరం విన్నది.

బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. పొన్నూరు దాటింది. సమోసాలవాడు వచ్చిపోయాడు.

"రెండ్రోజుల్లో మరిచిపోతుందిలే వదినా. దానికి గుర్తుండదు," అన్నాడు సారథి.

"మరిచిపోతే మంచిదే. వద్దంది. నాకు వినపడింది. అది మరిచిపోయినంత మాత్రాన అనలేదని కాదు గదా."

తెనాలిలో దిగేసరికి రేపల్లె బండి అదే ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. సారథి ఆమె సంచి పట్టుకుని వంతెన మెట్ల దాకా వచ్చి, సంచి ఇవ్వకుండా నిలబడ్డాడు.

"ఉంచుకోను వదినా."

"ఏంటి?"

"మాణిక్యాన్ని. రెండు నెలలు కాదు, రెండు రోజులు కూడా ఉంచుకోను. ఇల్లు ఇరుకని కాదు, మా ఆవిడకి బీపీ అని కాదు. నాకిష్టం లేదు. దాన్ని చూస్తుంటే నాకు భయం. చిన్నప్పట్నించీ అంతే. ఎందుకని అడక్కు, నాకే తెలీదు."

చంద్రకళ అతని ముఖం చూసింది. అరవై ఏళ్ళ ముఖం. నవ్వు లేకపోతే ఇంత ముసలిగా ఉంటాడని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఈ మాట ఆ చాపల మీద కూర్చున్న రోజున అని ఉంటే మాణిక్యాన్ని అప్పుడైనా తనే తెచ్చుకునేదేమో. తెచ్చుకునేదే. కానీ తెచ్చుకున్నామని తెలిసి తెచ్చుకునేది.

"సరే," అంది.

"తిట్టవేంటి?"

"ఓపిక లేదు నాయనా. అడిగినదానికి జవాబు చెప్పావు, చాలు. పో, బండి కదుల్తుంది."

అతను సంచి ఆమె చేతికిచ్చి పరుగులాంటి నడకతో పోయాడు. చంద్రకళ కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. కుడికాలు ఒక మెట్టు మీద పెట్టి, ఎడంకాలు కూడా దాని మీదికే తెచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ కుడికాలు. సగం దూరంలో వెనకనుంచి ఎవరో, "పిన్నిగారూ, కొంచెం జరగండి, బండి పోతుంది," అన్నారు. ఆమె పక్కకు జరిగింది. వెనకవాళ్ళందరూ దాటిపోయేదాకా గోడకు ఆనుకుని నిలబడి, తర్వాత ఎక్కింది.